ఫోటోలో డ్రైవరు ఏడీ?

మా చౌటుప్పల్ రోడ్డు మీదికి ఆదివారాలు తెల్లవారుజామునే ఈమధ్య ఓ కొత్తరకం భక్తులు వస్తున్నారు. మెళ్ళో కెమెరా, సంచీలో నీళ్ళసీసా, కళ్ళల్లో తీరని నిద్ర. హైదరాబాదు వైపునుంచి నేలకి పొట్ట ఆనించి పాకుతున్నట్టు ఏ ఎర్రకారో పసుపుకారో కనిపించిందంటే చాలు, "వస్తోంది, వస్తోంది!" అని ఒకర్నొకరు మోచేతుల్తో పొడుచుకుంటారు. అది దగ్గరికి వచ్చేలోపల దాని పేరూ, పుట్టిన దేశం, ఇంజను సైజూ, గంటకెంత పోతుందీ అంతా అష్టోత్తరంలాగా చదివేస్తారు. అది కాస్తా దాటిపోయాక ఆ దుమ్ములోనే నిలబడి, కెమెరా వెనకున్న చిన్న అద్దంలోకి తలలన్నీ దూర్చి చూసుకుంటారు. ఫోటో బాగా వస్తే ఒకడి ముఖం వెలిగిపోతుంది. రాకపోతే మళ్ళీ ఆదివారం.

"వీళ్ళకి ఇంట్లో పనీపాటా లేవా?" అని మా వీధిలో పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నేనా మాట అనను. లేని మనుషుల్ని పుట్టించి, వాళ్ళకి పెళ్ళిళ్ళు చేసి, నాలుగువందల పేజీల పాటు ఏడిపించే వృత్తిలో వున్నదాన్ని. ఇంకొకరి పనికిరాని పని గురించి మాట్లాడే హక్కు నాకెక్కడిది? పైగా ఒక వస్తువు కోసం చలిలో రెండు గంటలు నిలబడి, దాన్ని కళ్ళు విప్పార్చుకుని చూడ్డం ఈ రోజుల్లో తక్కువ విషయమేం కాదు.

నాకున్న చిక్కల్లా ఒకటే. ఈ ఫోటోలు తీసేవాళ్ళు బోలెడంతమంది వున్నారు గాని, వాటిని చూసి మంచీచెడ్డా చెప్పేవాళ్ళు కనపడరు. కవిత్వానికి విమర్శకులున్నారు, సినిమాకి వున్నారు, ఆఖరికి ఆవకాయకి కూడా వున్నారు, మా అత్తగారు. కారు ఫోటోకి మాత్రం "అదిరింది" అనో "కేక" అనో ఒక్క ముక్క అనేసి పక్కకి పోతారు. అది దిష్టి తీయడం లాంటిది. దిష్టి తీసినంత మాత్రాన పిల్లవాడికి చదువొస్తుందా? అందుకని ఈ వారం ఆ పని నా నెత్తిన వేసుకున్నాను.

ముందు మా రోడ్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం ఫోటో రోడ్డే తీసి పెడుతుంది. పూణే నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం దాకా పోయే జాతీయ రహదారి ఇది. 2010లో నెంబర్లన్నీ మార్చి 65 అన్నారు గాని, మావాళ్ళ నోట చాలాకాలం తొమ్మిదో నెంబరు రోడ్డే. 2012 నాటికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు నాలుగు వరసలైంది. హైదరాబాదుకీ మాకూ యాభై కిలోమీటర్లుంటుంది. అంటే మంచి కారున్నవాళ్ళు ఒక ప్లేటు ఇడ్లీ కోసం వచ్చి పోయేంత దూరం. పొద్దున పూట పట్నం నుంచి వచ్చే కారు తూర్పు ముఖంగా వస్తుంది గనక లేత ఎండ సరిగ్గా దాని ముఖాన పడుతుంది; హెడ్‌లైట్లు అప్పుడే నిద్రలేచిన కళ్ళలా వుంటాయి. తిరుగు ప్రయాణంలో వెనకభాగానికి వెలుగు. ఇక పంతంగి దగ్గర టోలుగేటు. ఎంతటి మొనగాడి కారైనా అక్కడ ఎద్దుబండి వేగానికి దిగాల్సిందే. సంక్రాంతి ముందైతే చెప్పనే అక్కర్లేదు, కోట్ల కారూ, అప్పుచేసి కొన్న పాత కారూ పక్కపక్కన బారులు తీరి నిలబడతాయి.

స్పీడుబ్రేకరు వచ్చిందంటే ఆ నేలబారు కార్లు నేరుగా ఎక్కలేవు. కొత్తకోడలు పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని గడప దాటినట్టు, ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించుతారు. నన్నడిగితే అసలు ఫోటో అదే. ఒక్కరూ తీయరు. కారు పరువు పోతుందని కాబోలు.

ఓసారి ఈ కుర్రాళ్ళతో మాటల్లో మా పక్కనున్న పోచంపల్లి గురించి చెప్పాను. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అక్కడికి కాలినడకన వచ్చారనీ, వంద ఎకరాల దానంతో భూదానోద్యమం అక్కడే పుట్టిందనీ, మా చుట్టుపక్కల చరిత్రలో పెద్ద రాకల్లో ఒకటి కారు లేకుండానే జరిగిందనీ అన్నాను. అంతా శ్రద్ధగా విని, ఒకబ్బాయి చాలా వినయంగా, "ఆయన వెనక జీపేమన్న వచ్చిందా మేడమ్? ఏ మోడల్?" అన్నాడు. వాళ్ళ దృష్టి అంత ఏకాగ్రం!

మా అక్క కొడుకు ఈ భక్తబృందంలో ముఖ్యుడు. పోయిన చలికాలంలో పాతకార్లవాళ్ళు కొంతమంది కలిసి హైదరాబాదు నుంచి బయల్దేరి, మా దారిలో ఓ హోటలు ఆవరణలో టిఫిన్లకి ఆగారు. ఇరవై పైచిలుకు కార్లు. వాడికి ఎవరు చెప్పారో గాని చీకటితోనే పోయి కూచున్నాడు. తీసిన రెండొందల పన్నెండు ఫోటోలూ మర్నాడు నా ముందు పెట్టి, "చిన్నమ్మా, ఎట్లున్నయో చెప్పు. మొహమాటం వద్దు" అన్నాడు. ఆ ఆఖరి మాట రచయితలతో అనకూడదని వాడికి తెలీదు పాపం.

మొదటి యాభై చూసేసరికి నాకు పెళ్ళి ఆల్బం తిరగేస్తున్నట్టనిపించింది. ప్రతి కారూ ఒక మూలనుంచే. ముఖం ముప్పాతిక, ఒక పక్క మొత్తం, ముందుచక్రం కొంచెం పక్కకి తిప్పి. పెళ్ళికూతుర్ని గడ్డం కింద వేలు పెట్టి "కొంచెం అటు చూడమ్మా" అంటారే, అచ్చం అలాగే. అంబాసిడరూ, ఫియట్టూ, స్టాండర్డ్ హెరాల్డూ, జీపూ, అన్నీ అలాగే సిగ్గుపడుతూ నిలబడ్డాయి. జీపు సిగ్గుపడ్డం నేనెక్కడా చూళ్ళేదు.

వాడికి పని రాదని కాదు. కొన్నిచోట్ల మరీ దగ్గరికి పోయి వెడల్పు లెన్సు పెట్టాడు. దాంతో కారు ముక్కు వాచిపోయి వినాయకచవితి బొమ్మలా తయారైంది. అదే నాలుగడుగులు వెనక్కి జరిగి, పొడుగు లెన్సుతో తీసినచోట ఒంటితీరు కుదురుగా వచ్చింది. ఇది వాడికీ తెలుసు. కాని వాడు మోకాళ్ళ మీద కూచుని కిందినుంచి తీయడం మాత్రం నేనొప్పుకోలేదు. కిందినుంచి తీస్తే ప్రతి కారూ చక్రవర్తే. అంబాసిడరు చక్రవర్తి అవుతుందా? ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డుని తెచ్చుకుని 1950ల చివర్నుంచి బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారుచేస్తూ, 2014 మేలో ఆపేదాకా దేశమంతా మోసిన బండి అది. డాక్టర్ని మోసింది, కలెక్టర్ని మోసింది, పురిటినొప్పుల మనిషిని మోసింది, పెద్దపండక్కి తొమ్మిదిమందిని మోసింది. అది ఉమ్మడికుటుంబంలో పెద్దకోడలు. పెద్దకోడల్ని సింహాసనం మీద కూచోబెట్టి ఫోటో తీస్తే ఆవిడకే నవ్వొస్తుంది.

ఇవి చిన్న విషయాలు. నూటయాభై దాటాక నాకసలు వెలితి ఏమిటో అర్థమైంది. అన్ని ఫోటోల్లో ఒక్క మనిషి లేడు.

"మనుషులుంటే ఫ్రేము కరాబైతది చిన్నమ్మా. అందరు జరిగేదాంక ఆగి తీసిన" అన్నాడు గర్వంగా. ఒక్క ఫియట్టు కోసం ఇరవై నిమిషాలు కాచుకున్నాట్ట. దాని బాగోగులు చూసేవాడు మెత్తటిగుడ్డతో తుడుస్తూ ఎంతకీ కదలకపోతే, "అన్నా, కొంచెం పక్కకి" అని పంపించాడట. ఆ తుడిచినవాడి వల్లనే కదా అది మెరిసింది! మెరుపు వుంచుకుని మెరిపించినవాణ్ణి పక్కకి తోసిన ఫోటో అది.

మనుషులే కాదు, నెంబరుపలకలు కూడా లేవు. కంప్యూటరులో తుడిచేశాడు. సొంతదార్లు ఇష్టపడరని వాడి జవాబు. బతికున్నవాళ్ళ గుట్టు కాపాడాలంటే నేనూ ఒప్పుకుంటాను. కాని పలకంటే కారు జాతకం. 1989కి ముందువైతే మూడక్షరాలు. ఆ తరవాత రిజిస్టరైనవైతే ఏపీ 24 అని చూడగానే నల్గొండ అని చెప్పేవాళ్ళం. 2014లో తెలంగాణ వచ్చి టీఎస్ అయింది. 2016లో జిల్లాలు విడదీశాక మేము యాదాద్రి భువనగిరిలో పడి టీఎస్ 30 అయ్యాం. 2024 మార్చి నుంచి కొత్తబండ్లకి టీజీ. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు, పలక మాత్రం ఇన్నిసార్లు మారింది. ఒక్క టోలుగేటు వరసలో నిలబడ్డ కార్ల వెనకభాగాలు చదివితే చాలు, ముప్ఫయ్యేళ్ళ చరిత్ర దొరుకుతుంది. దాన్ని తుడిచేసి అక్కడ తెల్లటి మరక పెడతారా? అక్షరాలుంచి అంకెలు చెరపొచ్చు కదా అన్నాను. ఆ మాట వాడికి నచ్చింది, రాసుకున్నాడు.

ఈ మనిషిలేని అందం ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే మన హైదరాబాదులోనే దాని మూలపురుషుడు కనిపిస్తాడు. చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ వుంది, 1912 నాటి సిల్వర్ ఘోస్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పురమాయించారు. అది చేతికందకముందే, 1911లోనే ఆయన పోయారు. ఏడో నిజాం కాలంలో వచ్చింది. దాన్ని సింహాసనం కారంటారు. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తుగా కట్టిన ఆసనం. ప్రభువు రోడ్డు చూడ్డానికి కాదు, రోడ్డున వున్నవాళ్ళు ప్రభువుని చూడ్డానికి చేసిన కారన్నమాట. ఉత్సవాలకి తప్ప బయటికి తీసేవాళ్ళు కాదు గనక అది తిరిగింది చాలా తక్కువ. చౌమహల్లాకి వెళ్ళినవాళ్ళు దాని ముందు ఆగి ఫోటో తీసుకోకుండా కదలరు. నేనూ తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఎంతో అందంగా వుంది గాని, నాకు చెప్పే మాట ఒక్కటీ లేదు. ప్రయాణం చెయ్యని కారు ప్రయాణం గురించి ఏం చెపుతుంది? ముందుసీట్లో స్టీరింగు పట్టుకుని, వీపు మీద అంత ప్రభుత్వాన్ని మోస్తూ నడిపిన మనిషి ఏమనుకునేవాడో అని మాత్రం చాలాసేపు ఆలోచించాను. మా అక్క కొడుకు రెండొందల ఫోటోలూ ఆ కారు పిల్లలే. ఇడ్లీ హోటలు ముందు ఆగిన ఫియట్టుకి కూడా వాడు సింహాసనం వేశాడు.

దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టినవాడూ మన దేశంలోనే వున్నాడు. జైపూరులో పుట్టిన రఘువీర్ సింగ్ అనే ఫోటోగ్రాఫరు. ఆయన 1999లో పోయాడు. ఆ తరవాత 2002లో "ఎ వే ఇంటూ ఇండియా" అనే పుస్తకం వచ్చింది. అంబాసిడరు చుట్టూ అల్లిన ఫోటోల పుస్తకమది. తమాషా ఏమిటంటే అందులో అంబాసిడరు మనకి పెళ్ళికూతుర్లా ఎదురుగా నిలబడదు. మనమే దాని లోపల కూచుంటాం. కిటికీ ఒక చట్రం, తలుపు ఒక చట్రం, ముందద్దం ఒకటి, పక్కనున్న చిన్న అద్దంలో మళ్ళీ ఇంకో చిన్న లోకం. ఆ గళ్ళల్లోంచి వీధీ, మనుషులూ, వానా, ఎండా కనిపిస్తుంటాయి. కారు ఫోటోల్లో కారు తక్కువా దేశం ఎక్కువా. అయినా అది అంబాసిడరే అని ఎవరికీ అనుమానం రాదు. మా అక్క కొడుక్కి ఈ సంగతి చెపితే, "గది కారు ఫోటో కాదు చిన్నమ్మా, కారులకెల్లి తీసిన ఫోటో" అన్నాడు. విమర్శకుడి మాటే అన్నాడు గాని, ఒప్పుకోను. అరవయ్యేళ్ళపాటు మనం అంబాసిడర్ని ఎక్కువగా లోపలినుంచే చూశాం. ఆడవాళ్ళమైతే మరీను, వెనకసీట్లో, మధ్యలో, ఒళ్ళో పిల్లనీ కాళ్ళ దగ్గర స్టీలుకారియర్నీ పెట్టుకుని. మా అంబాసిడరంటే డ్రైవరు మెడా, దాని పక్కనుంచి కనిపించే ముక్క రోడ్డూ.

వేగంగా పోయే కార్ల ఫోటోల్లో వీళ్ళకో పద్ధతుంది. కారు పోయే వేగంతో కెమెరానీ తిప్పుతూ నొక్కుతారు. కారు స్పష్టంగా వుంటుంది, వెనకున్న వేపచెట్లూ టీకొట్లూ గీతలుగా సాగిపోతాయి. చాలా కష్టమైన విద్య, ఇరవైసార్లు నొక్కితే ఒకటి కుదురుతుంది. కాని కుదిరినప్పుడు చిక్కేమిటంటే, అది చౌటుప్పల్లో తీసిందో జర్మనీలో తీసిందో చెప్పలేం. ఊరంతా గీతలైపోయింది మరి. ఇక్కడ నాకు జాక్ హెన్రీ లార్తీగ్ అనే ఫ్రెంచి కుర్రాడు గుర్తొస్తాడు. పద్ధెనిమిది పంతొమ్మిదేళ్ళ వయసులో కారు పందేనికి పోయి, దూసుకుపోతున్న కారుని ఇలాగే కెమెరా తిప్పుతూ తీశాడు. అప్పటి కెమెరాల్లో వెలుతురు బొమ్మంతటి మీదా ఒక్కసారే పడదు. సన్నటి సందులోంచి ఒక అంచునుంచి ఇంకో అంచుకి పాకుతూ పడుతుంది. ఆ పాకే లోపల కారు ముందుకి పోయింది, కెమెరా పూర్తిగా అందుకోలేకపోయింది. దాంతో చక్రం గుండ్రంగా రాకుండా కోడిగుడ్డులా ముందుకి వాలింది. గట్టున నిలబడ్డ జనం వెనక్కి వాలారు. కారు ముందుభాగం చట్రం దాటి బయటికే పోయింది. లెక్కప్రకారం పాడైన ఫోటో. యాభై ఏళ్ళ తరవాత, 1963లో న్యూయార్కు మ్యూజియంలో ఆయన ఫోటోలు పెడితే లోకం నోరు తెరుచుకుంది. వేగమంటే ఇదీ అన్నారు. నాకు మాత్రం ఆ వాలిన చక్రం కంటే కారులో ముందుకి వంగి కూచున్న ఇద్దరు మనుషులు ఎక్కువ నచ్చుతారు. ఆ రోజుల్లో పందెం కారులో డ్రైవరు పక్కన మెకానిక్కు కూడా కూచునేవాడు. అన్నేళ్ళ కిందటి ఫోటోలో కూడా మెకానిక్కున్నాడు. మా హోటలు ముందు తీసిన రెండొందల ఫోటోల్లో లేడు.

అంత దూరమెందుకు, మన చైతన్యరథం చూడండి. 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరి ఎన్నికల దాకా ఎన్.టి.రామారావు ఊరూరూ తిరిగిన బండి. పాత షెవర్లే వ్యానుకి మార్పులు చేయించారు. ఆ ఫోటోలు చూడని తెలుగువాళ్ళు తక్కువ. వాటిలో బండి ముప్పాతిక ముఖం లేదు, మెరుపు లేదు, జనంలో సగం మునిగిపోయి వుంటుంది. దాని కంపెనీ ఏదంటే చాలామంది చెప్పలేరు, కాని బండిని ఇప్పటికీ గుర్తుపడతారు. పైన నిలబడ్డ మనిషినే అంతా చూశారు. కింద స్టీరింగు దగ్గర వున్నది ఆయన కొడుకు హరికృష్ణ. అన్ని వేల కిలోమీటర్లు జనం మధ్యనుంచి, ఎవరి కాలి మీదికీ పోకుండా బండి నడపడం ఎంత పనో డ్రైవింగు నేర్చుకునేటప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. ఆయన 2018 ఆగస్టులో మా పాత నల్గొండ జిల్లాలోనే, అన్నెపర్తి దగ్గర తను నడుపుతున్న కారు ప్రమాదంలో పోయారు. ఆ వార్త చదివాక ఆ పాత ఫోటోల్లో పైకి కాకుండా, మొదటిసారి ముందద్దం వెనక్కి చూశాను.

మా అక్క కొడుకు వాదన కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. "అన్నిటికి కథెందుకు చిన్నమ్మా? ఆ గీత చూడు" అని ఓ పాత ఫియట్టు ఫోటో తీసి చూపించాడు. ముందుచక్రం మీదినుంచి వెనకదాకా ఒకే ఊపులో పోయిన వంపు, దాని మీద పొద్దుటి వెలుగు సన్నటి జరీ అంచులా. నిజంగానే ఊపిరి ఆగింది. పూవు ఫోటోలో తోటమాలి ఎక్కడని అడుగుతామా అన్నాడు. మంచి ప్రశ్న. కాని పూవు మర్నాటికి వాడిపోతుంది. ఈ కార్లు వాడిపోకుండా వున్నాయంటే ఎవరో వాటిని వాడనివ్వలేదు. ఆ 'ఎవరో' ఫోటోలో లేకపోతే, కారు తనంతట తనే అరవయ్యేళ్ళు బతికినట్టు అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు సర్కారు కూడా ఈ కార్లకి ఓ నిర్వచనం ఇచ్చింది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం యాభయ్యేళ్ళు దాటిన బండి వింటేజి. కొత్తగా రిజిస్టరు చేయించాలంటే ఇరవైవేలు. పలక మీద రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వేస్తారు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోడానికీ, రిపేర్లకీ తప్ప రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, బండి నిజరూపంలో వుండాలి. చాసిస్సూ, బాడీ, ఇంజనూ పెద్దగా మార్చి వుండకూడదు. షరతు మంచిదే, లేకపోతే అంబాసిడరు డొక్కలో జపాను ఇంజను పెట్టి అదే పాతబండి అంటారు. కాని మన దేశంలో నిజరూపం అంటే ఏమిటి? విడిభాగాలు దొరకని కాలంలో రేకు కొట్టి మడతపెట్టి, వేరే బండి స్ప్రింగు అరగదీసి అమర్చి, ఒక్కో బండినీ ప్రాణం పోసి నిలబెట్టిన చేతులున్నాయి. ఆ అతుకులు కూడా దాని ఒంట్లో భాగమే. మావాడి ఫోటోల్లో ఒక్క అతుకు కనిపిస్తే ఒట్టు. వెతికి వెతికి తప్పించి తీశాడు.

ఒక్కటి తప్ప. నూటనలభై ఏడో నెంబరు.

మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డు కారుకి ఓ ప్రత్యేకత వుంది. దాని బానెట్టు మూతలాగా పైకి లేవదు. మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకి ఒరుగుతుంది. అప్పుడు ముందు టైర్లు రెండూ బయటపడతాయి. ఈ ఫోటోలో ఆ నోరు తెరిచి వుంది. లోపల టైరు మీద, ఇంట్లో పీట మీద కూచున్నంత హాయిగా, అరవయ్యేళ్ళ మనిషొకాయన కూచున్నాడు. మోకాలి మీద స్టీలు ప్లేటు. కుడిచేత్తో ఇడ్లీ తుంచుతున్నాడు. ఎడంచెయ్యి రేడియేటరు మీద, జ్వరం చూస్తున్నట్టు. ఫోటో అంచున ఎవరిదో నల్లటి బూటు, బహుశా సొంతదారుది.

"అది వెలుతురు సరిచూసుకుందామని నొక్కిన చిన్నమ్మా. తీసేస్త" అన్నాడు వీడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన ఏమైనా అన్నాడా అని అడిగితే, "గిసువంటి బండి మల్ల రాలె బిడ్డా, కూసొని పని చేసుకునే బండి గిదొక్కటే" అన్నాడట. ఆ బండి గొప్పతనం గురించి కంపెనీ కాగితాల్లో ఇంత మంచిమాట వుండివుంటుందని నేననుకోను. ఇంజను సైజు కంటే, గరిష్ఠ వేగం కంటే, మనిషిని కూచోనిచ్చి పని చేయించుకునే బండి అనడం ఎంత పెద్ద మెప్పు!

వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు. అప్పుడు మా అమ్మ పెళ్ళిఫోటో తెచ్చి పెట్టాను. 1976 వేసవి. అప్పగింతల వేళ, పూలదండలు కట్టిన కిరాయి కారు పక్కన అమ్మా నాన్నా. నిలబెట్టిన తీరు బాగాలేదు, అమ్మ ముఖం మీద దండ నీడ పడింది, కారు సగమే వచ్చింది. మావాడు అమ్మ ముఖం చూళ్ళేదు. ముందు జాలీ గళ్ళు చూసి, "అమ్మమ్మా, ఇది మార్కు టూ! మార్కు త్రీ 1975ల వచ్చింది. అంటే ఇది అప్పటికే పాతబండి" అన్నాడు. "మార్కుల సంగతి నాకేం ఎర్క బిడ్డా, నేను పదో తరగతే రాయలే" అంది అమ్మ. అందరం నవ్వాం. కాని నాకు వాడి మీద గౌరవం పెరిగింది. నలభై ఏళ్ళుగా గోడమీదున్న ఫోటోలో మేమెవరం చదవని వాక్యం వాడు చదివాడు. కార్లని ప్రేమించేవాళ్ళ దగ్గర ఇంత చదువుంది. దాన్ని మెరిసే రేకు మీదే ఖర్చుపెడుతున్నారన్నదే నా గోల.

తరవాత అమ్మ ఆ ఫోటోలో తలుపు పట్టుకుని నిలబడ్డ సన్నటి మనిషి మీద వేలు పెట్టింది. డ్రైవరు. "ఈయన భువనగిరి నుంచి వచ్చిండు. తోవల నేను ఏడుస్తుంటే బండి ఆపి, గుడ్డతోని వెనక అద్దం తుడిచిండు. మీ ఊరు కనపడ్డంత సేపు చూసుకో చెల్లే అన్నడు." అంతవరకూ మాకెవ్వరికీ ఆ మాట చెప్పలేదు. ఎవరడిగారు గనక? ఆయన పేరు అమ్మకి తెలీదు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం నూటనలభై ఏడో నెంబరు ప్రింటు వేయించుకొచ్చాడు. వెనక పెన్సిలుతో కారు పేరూ, ఏడాదీ, చోటూ, తేదీ రాశాడు. ఆ టైరు మీద కూచున్నాయనకి ఓ కాపీ ఇస్తే బాగుంటుందని, పేరూ చిరునామా కోసం సొంతదారుకి ఫోను చేశాడు. కారు నెంబరూ, ఇంజను నెంబరూ, ఎప్పుడెవరి దగ్గర ఎంతకి కొన్నదీ ఆయన గడగడా చెప్పాడట. మెకానిక్కు సంగతి అడిగితే కొంచెంసేపు ఆగి, "పేరా? పేరేమో బాబూ, పదేండ్ల సంది ఆయన్నే చూస్తడు. మిస్త్రీ అంటం, అంతే" అన్నాడట.

ప్రింటు ప్రస్తుతానికి నా బల్ల మీదే వుంది. వెనక మూడో గీత ఖాళీ.